గాలి మారే చోట, మారని చోట

2021 ఏప్రిల్ 6న, కోవిడ్ రెండో అల మధ్య, ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా మొత్తం మూతపడింది. రాజధాని రాయ్‌పూర్ కంటే మూడు రోజులు ముందే ఇక్కడ పూర్తి లాక్‌డౌన్ మొదలైంది. జిల్లాలోని ఉక్కు నగరం భిలాయిలో మార్కెట్ల షట్టర్లు దిగాయి, పార్కులకు తాళాలు పడ్డాయి, సెక్టార్ల మధ్య చెట్ల నీడన సాగే రోడ్లు ఖాళీ అయ్యాయి. ఉక్కు కర్మాగారం మాత్రం ఆగలేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ని ఒకసారి చల్లారిస్తే మళ్లీ రాజేయడం మాటలు కాదు. పైగా ఆ ప్లాంటు నుంచే ద్రవ ఆక్సిజన్ వేరే రాష్ట్రాల ఆసుపత్రులకు కూడా వెళ్లేది. ఊరందరికీ రెండే ఆదేశాలు: మాస్కు పెట్టుకోండి, ఇంట్లో ఉండండి. మాస్కు లేకుండా రోడ్డు మీద దొరికితే జరిమానా.

ఆ రెండు ఆదేశాల వెనుక ఉన్న ఆధారాలను ఇప్పుడు తీరిగ్గా విడదీసి చూడవచ్చు. ఆరుబయట గాలి ఎంత కాపాడుతుంది? మాస్కు ఎంత కాపాడుతుంది? ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదా? ప్రపంచమంతా జరిగిన పరిశోధనలను, మన ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన ఫలితాలను భిలాయి లాంటి కార్మికుల ఊరి జీవితానికి ఆనించి చూస్తే ఒక సంగతి తేలుతుంది. మనం జరిమానాలు వేసిన చోట ప్రమాదం తక్కువ, ఎవరి కన్నూ పడని చోట ఎక్కువ.

తుంపరా, గాలా?

2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ట్విట్టర్‌లో తేల్చి చెప్పింది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పడే తుంపరలు రెండు మీటర్ల లోపే నేల రాలతాయి కాబట్టి దూరం పాటించి, చేతులు కడుక్కుంటే చాలన్నది అప్పటి అవగాహన. దుకాణాల ముందు సున్నంతో గీసిన వృత్తాలు, బ్యాంకు కౌంటర్ల దగ్గర కట్టిన ప్లాస్టిక్ తెరలు అక్కడి నుంచి వచ్చినవే.

గాలిలో ప్రయాణించే వ్యాధుల గురించి వైద్యశాస్త్రానికి అప్పటికే తెలియక కాదు. విలియం వెల్స్, రిచర్డ్ రైలీ 1950ల చివర్లో బాల్టిమోర్‌లోని ఒక క్షయ వార్డు గాలిని గొట్టాల ద్వారా పైకి తీసుకెళ్లి గినీ పందుల బోనుల్లోకి వదిలారు. రోగి ముఖం చూడని, మంచం తాకని ఆ జంతువులకు క్షయ సోకింది. అయినా గాలి ద్వారా సోకడం క్షయ, తట్టు లాంటి కొన్ని వ్యాధులకే పరిమితమన్న నమ్మకం గట్టిగా నాటుకుపోయింది. కోవిడ్ గాలి ద్వారా సోకుతుందంటూ 2020 జులైలో లిడియా మొరావ్‌స్కా, డొనాల్డ్ మిల్టన్ రాసిన బహిరంగ లేఖకు 239 మంది శాస్త్రవేత్తలు మద్దతు పలికాక గాని ఆ నమ్మకం కదలలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 ఏప్రిల్ చివర్లో తన వివరణను మార్చింది. మన దేశంలో ప్రధాన శాస్త్రీయ సలహాదారు కార్యాలయం 2021 మే 20న ఒక సలహాపత్రం విడుదల చేసింది. పెద్ద తుంపరలు రెండు మీటర్లలో రాలినా సూక్ష్మ కణాలు పది మీటర్ల దాకా పోగలవని, తలుపులు, కిటికీలు తెరవాలని, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టాలని చెప్పింది. మంచి మాటే. కాని అప్పటికి రెండో అల ఉచ్చస్థాయి దాటిపోయింది.

ఆ సూక్ష్మ కణాల తీరు తెలియని తెలుగు ఇల్లాలు లేదు. వంటింట్లో తాలింపులో ఎండుమిరపకాయ మాడితే ముందు గదిలో పేపరు చదువుకునే మనిషికి దగ్గు వస్తుంది. రెండు మీటర్ల దూరం అక్కడ పనిచేయదు, కిటికీ తీస్తేనే పనవుతుంది. మాట్లాడినప్పుడు, పాడినప్పుడు, ఊరికే ఊపిరి వదిలినప్పుడు కూడా వైరస్ మోసే కణాలు అలాగే గదంతా అలుముకుంటాయి. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ వ్యాలీ గాయక బృందం రెండున్నర గంటల పాటు ఒక హాలులో సాధన చేసింది. వచ్చిన 61 మందిలో 53 మందికి నిర్ధారితంగానో, లక్షణాలను బట్టో కోవిడ్ తేలింది, ఇద్దరు చనిపోయారు. ఒకరి పాట అందరి ఊపిరితిత్తుల్లోకి చేరింది.

ఆరుబయట లెక్కలు

ఇదే పాట మైదానంలో పాడి ఉంటే? దీనికి సూటి సమాధానం ఇచ్చే ప్రయోగం లేదు కాని, చుట్టూ ఉన్న లెక్కలన్నీ ఒకే వైపు చూపిస్తాయి. చైనాలో 2020 తొలి నెలల్లో ముగ్గురు లేదా అంతకు మించి సోకిన 318 సమూహ వ్యాప్తులను పరిశీలిస్తే అన్నీ నాలుగు గోడల మధ్యే జరిగాయి. అదే అధ్యయనంలోని 7,324 కేసుల్లో ఆరుబయట సోకినట్టు తేలినది ఒకే సందర్భం, అందులో ఉన్నది ఇద్దరే. మూసిన చోట ఒక రోగి నుంచి ఇతరులకు సోకే అవకాశం బహిరంగ ప్రదేశంతో పోలిస్తే 18.7 రెట్లు అని జపాన్ పరిశోధకులు లెక్కగట్టారు. ఇలాంటి అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసిన 2021 నాటి సమీక్ష మొత్తం వ్యాప్తిలో ఆరుబయట వాటా పది శాతం లోపేనని తేల్చింది.

కారణాలు సులువైనవే. బయట కణాలు క్షణాల్లో పలచబడిపోతాయి. ఎండ కూడా తోడవుతుంది. ప్రయోగశాలలో సూర్యకాంతిని పోలిన వెలుగు పడినప్పుడు గాలిలో తేలే వైరస్‌లో 90 శాతం 20 నిమిషాల లోపే నిర్వీర్యమైంది. అయితే ఈ లెక్కలకు ఒక లోపం ఉంది. ఇంట్లో ఎవరి నుంచి ఎవరికి సోకిందో పట్టుకోవడం తేలిక. సంతలో పక్కన నిలబడ్డ అపరిచితుడి నుంచి సోకితే అది ఏ రిజిస్టరులోకీ ఎక్కదు. కాబట్టి బయటి వాటా నిజానికి కొంత ఎక్కువే కావచ్చు. అలాగని 18 రెట్ల తేడా తలకిందులైపోదు.

మన దగ్గరి సాక్ష్యం ఇంకా బలమైనది. 2020లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆరోగ్య సిబ్బంది 84,965 మంది రోగులతో కలిసి మెలిగిన 5,75,071 మందిని వెతికి, పరీక్షించి, రాసిపెట్టారు. రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం ఆ వివరాలను విశ్లేషించి 'సైన్స్' పత్రికలో ప్రచురించింది. రోగుల్లో 70 శాతం మంది నుంచి తమతో మెలిగిన ఎవరికీ సోకలేదు. కేవలం 8 శాతం మంది నుంచి కొత్త కేసుల్లో 60 శాతం పుట్టాయి. సమాజంలో మామూలుగా కలిసినవారికి సోకే అవకాశం 2.6 శాతం, ఇంట్లో 9 శాతం. ఒకే వాహనంలో ఆరు గంటలకు పైగా దగ్గరగా కూర్చున్నవారికి ఏకంగా 79 శాతం. ఈ చివరి అంకె కొద్దిమంది మీదే లెక్కించినది కాబట్టి దాన్ని శిలాక్షరంగా తీసుకోలేం. కాని ఈ వరుస గమనించాలి. గాలి ఎంత తక్కువగా మారితే, కలిసి గడిపిన సమయం ఎంత పెరిగితే, ప్రమాదం అంత పెరిగింది.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ, చండీగఢ్‌లోని ఇమ్‌టెక్ సంస్థల పరిశోధకులు హైదరాబాద్, మొహాలీ ఆసుపత్రుల్లో, రోగుల ఇళ్లల్లో గాలి నమూనాలు తీసి చూశారు. ఇద్దరు లేదా అంతకు మించి రోగులున్న గదుల గాలి నమూనాల్లో 75 శాతంలో వైరస్ జాడ దొరికింది. ఒక్కరే ఉన్న లేదా ఎవరూ లేని గదుల్లో అది 15.8 శాతమే. రోగి పక్కన ఉన్నామా లేదా అన్నదొక్కటే కాదు, అందరం వదిలిన ఊపిరి ఎక్కడికి పోతోందన్నది కూడా అడగాలని ఈ అంకెలు చెప్తున్నాయి.

ఆరుబయట అంటే ఏది?

ఇక్కడే చాలామంది పొరబడ్డారు. 2021 మార్చిలో నవా రాయ్‌పూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో రోడ్ సేఫ్టీ వరల్డ్ సిరీస్ క్రికెట్ జరిగింది. సచిన్ తెందూల్కర్‌ని చూడటానికి జనం విరగబడ్డారు. సిరీస్ ముగిసిన కొద్ది రోజులకే తెందూల్కర్‌కీ, యూసుఫ్, ఇర్ఫాన్ పఠాన్ సోదరులకూ, సుబ్రమణ్యం బద్రీనాథ్‌కూ కోవిడ్ తేలింది. ఛత్తీస్‌గఢ్‌లో రెండో అలకు ఈ మ్యాచ్‌లే కారణమని అప్పట్లో చాలామంది అన్నారు. దానికి రుజువు లేదు. కాని 'ఆరుబయట జరిగే కార్యక్రమం' అన్న మాటలో ఎన్ని మూసిన గదులు దాగి ఉంటాయో చూడాలి. డ్రెస్సింగ్ రూమ్, జట్టు బస్సు, హోటల్ భోజనశాల, స్టేడియానికి వచ్చే ఆటోలు, గేటు దగ్గర ఒకరి మీద ఒకరు పడే వరస. మైదానం బహిరంగమే కాని, దాని చుట్టూ తిరిగే జీవితం బహిరంగం కాదు.

మన పెళ్లిళ్లదీ అదే కథ. షామియానా వేశారు కాబట్టి ఆరుబయటేనంటారు. నాలుగు వైపులా గుడ్డలు దించి, లోపల పెద్ద కూలర్లు పెట్టి, మూడు వందల మంది బంతి భోజనానికి కూర్చుంటే అది గోడల్లేని గది. కనీసం రెండు వైపులు పూర్తిగా తెరిచి ఉండి, గాలి ఒక వైపు నుంచి వచ్చి మరో వైపు పోతేనే ఆరుబయట కిందికి వస్తుంది.

దీన్ని బాగా అర్థం చేసుకున్న ప్రయోగం ఒకటి ఛత్తీస్‌గఢ్‌లోనే జరిగింది. బడులు మూసిన 2020లో రాష్ట్ర ప్రభుత్వం మొదట 'పఢయీ తుంహర్ దువార్' పేరుతో ఆన్‌లైన్ పాఠాలు పెట్టింది. ఫోన్లు లేని పిల్లలు మిగిలిపోయారు. ఆగస్టులో 'పఢయీ తుంహర్ పారా' వచ్చింది. చెట్ల కింద, అరుగుల మీద, పేటలోని ఖాళీ స్థలాల్లో చిన్న చిన్న గుంపులుగా పాఠాలు చెప్పారు, కొన్ని ఊళ్లలో లౌడ్‌స్పీకర్లూ వాడారు. ఖర్చు లేని ఈ ఉపాయం వెనుక పెద్ద చరిత్రే ఉంది. క్షయ భయంతో బెర్లిన్ శివారు షార్లోటెన్‌బుర్గ్‌లో 1904లో అడవి బడి తెరిచారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915 నుంచి కొండల మధ్య, గాలి వెలుతురు ధారాళంగా వచ్చే వార్డుల్లో క్షయ రోగులను చూసుకుంది.

శానిటోరియంల చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. మందులు వచ్చాక మద్రాసులో 1956లో మొదలైన పరీక్షలో, ఇంట్లోనే మందులు వాడిన పేద రోగులు శానిటోరియంలో ఉన్నవారికి దాదాపు దీటుగా కోలుకున్నారు. మంచి గాలి రోగాన్ని నయం చేస్తుందన్న నమ్మకం అక్కడ వీగిపోయింది. రోగం పాకడాన్ని తగ్గిస్తుందన్నది వేరే సంగతి, అది నిలిచింది. పెరూలోని లిమా ఆసుపత్రుల్లో జరిగి 2007లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, తలుపులు, కిటికీలు బార్లా తెరిస్తే గంటకు సగటున 28 సార్లు గాలి మారింది. యంత్రాలతో నడిచే ప్రత్యేక గదుల్లో మారేది 12 సార్లే. యాభై ఏళ్లు దాటిన, ఎత్తు కప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న పాత భవనాల్లో 40 సార్లు మారితే, కిటికీలున్న కొత్త భవనాల్లో 17 సార్లు మాత్రమే మారింది.

మాస్కు వివాదం

ఆరుబయట విషయంలో సాక్ష్యాలు ఒకే వైపు నిలబడితే, మాస్కు విషయంలో పోట్లాడుకుంటున్నట్టు కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆ పోట్లాటలో సగం, వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులను ఒకే తాటి మీద కట్టడం వల్ల పుట్టింది.

ప్రయోగశాలలో మాస్కు పని చేస్తుందనడంలో సందేహం లేదు. 2020లో టోక్యో పరిశోధకులు ఎదురెదురుగా రెండు బొమ్మ తలలు పెట్టి, ఒకదాని నోటి నుంచి వైరస్ వదిలారు. ఎదుటి తలకు నూలు మాస్కు కడితే లోపలికి వెళ్లే వైరస్ 20 నుంచి 40 శాతం తగ్గింది. ముఖానికి సరిగ్గా అతికిన ఎన్-95తో 80 నుంచి 90 శాతం దాకా తగ్గింది. వదిలే తలకు మాస్కు పెట్టినప్పుడు మామూలు గుడ్డ కూడా సగానికి పైగా ఆపింది. హాంకాంగ్‌లో హ్యామ్‌స్టర్ల బోనుల మధ్య సర్జికల్ మాస్కు గుడ్డను తెరగా కట్టి చూసినా ఇదే తేలింది. రోగి వైపు అడ్డం కట్టడం ఆరోగ్యవంతుడి వైపు కట్టడం కంటే మేలు.

మనుషుల మీదికి వచ్చేసరికి లెక్క చిక్కుపడింది. డెన్మార్క్‌లో 2020 వసంతంలో దాదాపు ఆరు వేల మందితో జరిగిన పరీక్షలో, మాస్కు పెట్టుకోమన్న వారిలో 1.8 శాతానికి, చెప్పని వారిలో 2.1 శాతానికి వైరస్ సోకింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పలేం. కాని చుట్టూ ఎవరూ మాస్కు పెట్టని సమాజంలో, పెట్టుకున్న మనిషికి కలిగే రక్షణనే ఆ పరీక్ష కొలిచింది. అతని నుంచి ఇతరులకు తగ్గే ముప్పును కొలవలేదు.

బంగ్లాదేశ్‌లో జేసన్ అబలక్, ముష్ఫిక్ మొబారక్ బృందం మొత్తం ఊళ్లనే పరీక్షకు పెట్టింది. 600 గ్రామాలు, 3,42,000 మంది పెద్దలు. ఉచితంగా మాస్కులిచ్చి, వీధుల్లో గుర్తు చేసి, ఇమాముల చేత చెప్పించడంతో మాస్కు వాడకం 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగింది. లక్షణాలతో కూడి రక్తపరీక్షలో తేలిన కోవిడ్ 9 శాతం దాకా తగ్గింది. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో 11 శాతం, అక్కడే అరవై దాటినవారిలో 35 శాతం. గుడ్డ మాస్కుల ఫలితం స్పష్టంగా తేలలేదు. తేడా చిన్నదేనని, మాస్కులు పంచిన ఊళ్లలో జనం దూరం పాటించడం కూడా పెరిగిందని విమర్శలు వచ్చాయి, అవి కొట్టిపారేయదగినవి కావు. అయితే సగం మంది కూడా మాస్కు పెట్టని ఊళ్లలో వచ్చిన ఫలితమిదని మరవకూడదు.

వైద్య పరీక్షలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2023 జనవరిలో వచ్చిన సమీక్షలో అలాంటి పరీక్షలను కలిపి చూసి, జనసమూహంలో మాస్కుల వల్ల తేడా తక్కువగానో, లేనట్టుగానో ఉందన్నది. 'మాస్కులు పనిచేయవు' అని పత్రికలు రాశాయి. మార్చిలో కాక్రేన్ ప్రధాన సంపాదకురాలు కార్లా సోరెస్-వైజర్ ఆ అర్థం తప్పని ప్రకటించారు. మాస్కు పెట్టుకోమని ప్రోత్సహించడం ఎంత ఫలిస్తుందన్నది ఆ సమీక్ష ప్రశ్న, దానికి జవాబు తేలలేదన్నది ఫలితం. తర్వాత నార్వేలో 4,647 మందితో రెండు వారాలు జరిగిన పరీక్షలో, ఇల్లు దాటి జనంలోకి వెళ్లినప్పుడు సర్జికల్ మాస్కు వాడిన వారిలో 8.9 శాతం మంది, వాడని వారిలో 12.2 శాతం మంది జలుబు, దగ్గు లాంటి లక్షణాలు చెప్పారు. అవి వాళ్లంతట వాళ్లు చెప్పుకున్నవి కాబట్టి అందులోనూ కొంత అనుమానం మిగులుతుంది.

వీటన్నిటినీ కలిపి చదివితే మూడు మాటలు నిలుస్తాయి. ముఖానికి అతికి ఉన్న మంచి మాస్కు కణాలను ఆపుతుంది. మాస్కు పెట్టుకోమని చెప్పడం వల్ల వచ్చే లాభం అంతకంటే చాలా తక్కువ, ఎందుకంటే మనుషులు దాన్ని గడ్డం కిందికి దించుతారు, టీ తాగేటప్పుడు తీస్తారు, ఇంట్లో అసలు పెట్టుకోరు. ఇద్దరూ పెట్టుకుంటే లాభం కూడదు, గుణించబడుతుంది. చెరి సగం ఆపితే ఎదుటివాడికి చేరేది పావు వంతే.

భిలాయి గాలి

ఇప్పుడు ఈ కొలతలతో ఊరిని చూద్దాం. ప్లాంటులో దుమ్ము, వేడి ఎక్కువగా ఉండే విభాగాల్లో పనిచేసే మనిషికి వైరస్ భయం ఎక్కువని పైకి అనిపిస్తుంది. గాలి శాస్త్రం ప్రకారం అది తిరగబడుతుంది. కరిగిన లోహం వేడికి గాలి పైకి ఎగసి, ఎత్తైన షెడ్ల కప్పు సందుల్లోంచి పోతుంటుంది, కింద నుంచి కొత్త గాలి వస్తుంటుంది. ముప్పు ఉండేది యంత్రాలను నడిపించే, ఏసీ వేసి బిగించిన గది అయిన కంట్రోల్ పల్పిట్‌లో, షిఫ్ట్ మారే వేళ రెస్ట్ రూమ్‌లో, క్యాంటీన్‌లో, సమీక్షా సమావేశం జరిగే గదిలో. దుమ్ములో తప్పక పెట్టుకున్న మాస్కును పల్పిట్‌లోకి రాగానే తీసేయడం సహజం. వైరస్ లెక్కలో అదే తలకిందుల పని.

ఫ్యాక్టరీలున్న ఊళ్లలో తేలిగ్గా దొరికే కవాటం ఉన్న మాస్కుదీ ఇలాంటి చిక్కే. అది దుమ్ము నుంచి తొడుక్కున్నవాడిని కాపాడుతుంది, కాని అతని ఊపిరిని వడకట్టకుండా బయటికి వదులుతుంది. అందుకే 2020 జులైలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ కవాటం ఉన్న ఎన్-95లు జనసామాన్యానికి వద్దని రాష్ట్రాలకు లేఖ రాశారు. ఛత్తీస్‌గఢ్‌లో అందరి భుజాన ఉండే గమ్ఛా తువ్వాలు ఏమీ లేనిదానికంటే నయమే. పల్చటి నేత, వదులు చుట్టు కావడంతో మూసిన గదిలో దాన్ని నమ్ముకోలేం.

ఇళ్లలో తేడా తెచ్చేది ఎండాకాలం. ఏప్రిల్ నుంచి పగలు బయట నిలబడలేని వేడి. జనం తలుపులు బిగించుకుని లోపల ఉండిపోతారు. రెండో అల సరిగ్గా అప్పుడే వచ్చింది. కిటికీలో బిగించిన కూలర్ బయటి గాలిని తడి గడ్డి తెరల్లోంచి లాగి లోపలికి తోస్తుంది, ఎదుటి తలుపో కిటికీయో తీసి ఉంచితేనే సరిగా చల్లబరుస్తుంది. అంటే తెలియకుండానే గది గాలిని మారుస్తుంది. అదే కూలర్‌ను గది మధ్యలోకి తెచ్చినా, స్ప్లిట్ ఏసీ పెట్టినా, లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. గంటకు రెండుసార్లు గాలి మారే గదిలో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 138 నిమిషాలు పడుతుంది. ఆరుసార్లు మారితే 46, పన్నెండుసార్లు మారితే 23 నిమిషాలు చాలు. జబ్బు మనిషి ఉన్న ఇంట్లో కిటికీ కూలర్, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను కలిసి చేసే పని ఖరీదైన శుద్ధి యంత్రాలకు తీసిపోదు.

ఇక ప్రయాణం. ఉక్కు పనికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు పండగంటే సమతా ఎక్స్‌ప్రెస్. టిట్లాగఢ్, రాయగడ మీదుగా విజయనగరం చేరేది చిన్న ప్రయాణమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ అధ్యయనం చెప్పిన ఆరు గంటల హద్దు ఇక్కడ సులువుగా దాటిపోతుంది. చైనా హైస్పీడ్ రైళ్ల ప్రయాణికుల మీద జరిగిన అధ్యయనంలో రోగి పక్క సీటులో కూర్చున్నవారికి 3.5 శాతం సోకగా, దగ్గరి వరసలన్నీ కలిపి చూస్తే 0.32 శాతమే. కిటికీలు తెరిచే స్లీపర్ బోగీలో ప్రమాదం కొంత తగ్గుతుంది, రాత్రి షట్టర్లు దించాక ఆ తేడా కరిగిపోతుంది. మాస్కుకు, అందునా సర్జికల్ లేదా ఎన్-95కు, అసలైన స్థానం ఇదే: గాలిని మార్చడం మన చేతిలో లేని చోట, గంటల తరబడి కదల్లేని చోట.

తీర్పు

తేలనివి ఇంకా ఉన్నాయి. జనమంతా మాస్కు పెట్టుకోవాలన్న ఆజ్ఞ ఊరి మొత్తానికి ఎంత మేలు చేస్తుందో అంకెలో చెప్పగల పరీక్ష రాలేదు. చిన్న పిల్లలకు మాస్కు వల్ల మేలెంత, మాటలు నేర్చుకోవడంలో నష్టమెంత అన్నదీ వాదనలోనే ఉంది. కాని ప్రాధాన్యాల వరుస తేలింది. చేయగలిగిన పనిని ఆరుబయట చేయాలి. లోపల చేయక తప్పకపోతే గాలి మార్చాలి, సమయం తగ్గించాలి. ఈ మూడూ కుదరని చోట మంచి మాస్కు బిగుతుగా పెట్టుకోవాలి. ఖాళీ రోడ్డు మీద ఒంటరిగా నడిచేవాడికి జరిమానా వేసి, పార్కు గేటుకు తాళం వేయడం ఈ వరుసను తల్లకిందులు చేయడమే. ఇరుకు క్వార్టర్‌లో ఉన్న కుటుంబానికి మైత్రీ బాగ్ పార్కు పచ్చిక కంటే క్షేమమైన చోటు ఊళ్లో లేదు.

భిలాయికి ఈ పాఠం నేర్పడం కష్టం కాకూడదు. 2014 జూన్‌లో ప్లాంటులో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు చనిపోయిన ఊరిది. కంటికి కనపడని, వాసన లేని గాలి చంపగలదని, దాన్ని మీటరుతో కొలవాలని ఇక్కడి కార్మికుడికి ఒకరు చెప్పనక్కర్లేదు. గదిలో ఇతరుల ఊపిరి ఎంత పేరుకుందో చూపడానికి కార్బన్ డయాక్సైడ్ మీటరు ఉంది. బయటి గాలిలో ఆ వాయువు పది లక్షల భాగాల్లో 420 దగ్గర ఉంటుంది, గదిలో వెయ్యి దాటితే కిటికీ తీయాల్సిన సమయం వచ్చినట్టే. పల్పిట్‌లో, క్యాంటీన్‌లో, బడి గదిలో, ఆసుపత్రి వెయిటింగ్ హాలులో ఒక్కో మీటరు పెట్టి, అంకె దాటిన చోట ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తే, తర్వాత వచ్చే వైరస్ పేరు ఏదైనా సగం పని ముందే అయిపోతుంది. ఆ ఫ్యాన్ల డబ్బు రోడ్డు మీద జరిమానాగా కాక ప్లాంటు, నగరపాలక సంస్థ, విద్యాశాఖ బడ్జెట్ల నుంచి రావాలి.